బ్రోచ్‌ని తిప్పి చూడండి: పాత రాళ్ల నగల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత బ్రోచ్‌ల (పిన్నుతో బట్టకు గుచ్చుకునే నగల) గురించి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు రెండే సంగతులు అడుగుతున్నాయి. ఇది ఎప్పటిది? ఇదివరకు ఎవరి దగ్గర ఉండేది? మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు నగలోనే దొరుకుతుంది. రెండోదానికి కాగితాలు కావాలి. నగను చూసి సొంతదారు పేరు చెప్పేవాళ్లనూ, కథ విని నగ వయసు చెప్పేవాళ్లనూ కాస్త దూరంగా ఉంచండి.

ప్రశ్న: మా ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చిన బ్రోచ్ ఒకటి ఉంది. కోలగా ఉంటుంది. నడుమ ఎర్రరాయి, చుట్టూ సగానికి కోసిన చిన్న ముత్యాలు. వెనక పిన్ను బ్రోచ్ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది. చూసినవాళ్లు ‘విక్టోరియన్’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: బ్రిటన్‌ను ఏలిన విక్టోరియా రాణి పాలన 1837 నుంచి 1901 దాకా సాగింది. అరవై నాలుగేళ్ల కాలాన్ని ఒక్క మాటలో చుట్టేస్తే మీకు తెలిసేది ఏమీ ఉండదు. అమ్మేవాళ్లకు మాత్రం అది చాలా సౌకర్యమైన మాట.

బ్రోచ్‌ని బోర్లించి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మూడు భాగాలు చూడండి: కొక్కెం, కీలు, పిన్ను. 19వ శతాబ్దంలో ఎక్కువగా కనిపించేది వంచిన తీగ లాంటి మామూలు కొక్కెం. దానికి తాళం ఉండదు. పిన్ను మొన దాని కిందికి దూరి ఆగుతుంది, అంతే. అందుకే పిన్నును పొడుగ్గా పెట్టి, కొక్కెం దాటాక మొనను మళ్లీ బట్టలోకి గుచ్చేవాళ్లు. మీ బ్రోచ్‌లో పిన్ను బయటికి రావడానికి కారణం అదే. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి పిన్ను క్రమంగా పొట్టిదై అంచు లోపలే ఆగిపోయింది. తిప్పితే మూసుకునే తాళం కొక్కెం 20వ శతాబ్దపు తొలి ఏళ్ల నుంచి మామూలైంది. చిన్న గొట్టంలోంచి పుల్లను బయటికి లాగితే తెరుచుకునే రకం కొక్కెం ఉంటే, అది యూరప్ ఖండంలో 19వ శతాబ్దం రెండో సగం నుంచి చాలాకాలం వాడినది.

కీలు కూడా చెబుతుంది. సన్నని గొట్టం ముక్కలు మూడు ఒకే వరసలో, రెండు పలకకు అతికి, ఒకటి పిన్నుకు అతికి, మధ్యలోంచి తీగ దూర్చి ఉంటే అది పాత పద్ధతి. గుండ్రని బిళ్లల మధ్య పిన్ను కూర్చున్న కీలు దాని తర్వాతది.

ఇక అసలు చిక్కు. కొక్కెం, పిన్ను అరిగిపోయే భాగాలు, కాబట్టి మార్చేస్తారు. మార్చిన జాడ మాత్రం మిగులుతుంది. కొక్కెం మొదట్లో చుట్టూ టంకం ఎలా పారిందో చూడండి. అసలు పనిలో టంకం పలక రంగులోనే సన్నని గీతలా కనిపిస్తుంది. తర్వాత చేసిన పనిలో ముద్దగా, రంగు తేడాతో ఉంటుంది. బూడిద రంగు ముద్ద కనిపిస్తే అది సీసం కలిసిన టంకం, నగల పని రానివాళ్లు అతికించినది. కొక్కేనికి పక్కనే మెరుపు తగ్గిన చిన్న కోలమచ్చ ఉంటే పాత కొక్కెం అక్కడ ఉండేదన్నమాట.

లోహం, రాళ్లు మిగతా సాక్ష్యం. 19వ శతాబ్దంలో వజ్రాలను తరచు వెండిలో పొదిగి, వెనక బంగారం వేసేవాళ్లు. ప్లాటినం 1900 తర్వాతే విరివిగా నగల్లోకి వచ్చింది, తెల్ల బంగారం ఇంకా తర్వాత, 1910ల నుంచి. పాత వజ్రాన్ని నిటారుగా పైనుంచి చూస్తే నడుమ చిన్న గుండ్రని కిటికీ కనిపిస్తుంది, అడుగు మొనను సమంగా కోసేసినందువల్ల. ఇప్పుడు మనం చూసే గుండ్రని చెక్కడానికి లెక్కలు కట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ పుస్తకం 1919లో వచ్చింది. పెంపకపు ముత్యాలు బజారులో బాగా కనిపించింది 1920ల నుంచి. మీ బ్రోచ్‌లోవి సగానికి కోసినవంటున్నారు కాబట్టి అవి పాత పద్ధతి పనే కావచ్చు. అయితే వాటిలో ఒకటి రెండు మాత్రం మరీ తెల్లగా, మరీ గుండ్రంగా ఉంటే అవి ఊడిపోతే తర్వాత పెట్టినవి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మరమ్మతులు పక్కన పెట్టేసి, మిగిలినవాటిలో అన్నిటికన్నా కొత్తది ఏదో చూడండి. నగ ఇప్పటి రూపానికి వచ్చింది దాని తర్వాతే. పిన్ను పొడుగు, గొట్టపు కీలు, మామూలు కొక్కెం మూడూ కలిసొచ్చి, మరమ్మతు టంకం జాడ లేకపోతే 1850కీ 1890కీ మధ్య అనుకోవచ్చు. ఒక్క పిన్ను పొడుగునే పట్టుకుని అనకండి. లాకెట్టునో, చెవి కమ్మనో, చేతి గొలుసులోని నడిమి బిళ్లనో తీసి వెనక పిన్ను అతికించి బ్రోచ్ చేయడం బాగా పాత అలవాటు. పలక అంచున తెగ్గోసి ఆకురాయితో నున్నగా చేసిన మొదలు కనిపిస్తే ఆ అనుమానం రావాలి.

ప్రశ్న: బ్రోచ్ కొక్కెం మీద ‘15’ అనీ, పక్కన ‘.625’ అనీ ఉంది. 15 క్యారెట్ల బంగారం గురించి ఎక్కడా వినలేదు. నకిలీదా?

జవాబు: నకిలీ చేసేవాడికి 15 గుర్తుకు రాదు, 18 వేస్తాడు. 24 వంతుల్లో 15 అంటే .625, లెక్క సరిపోయింది. బ్రిటన్‌లో 1854 చట్టం 15, 12, 9 క్యారెట్లను అనుమతించింది. 1932లో 15ను, 12ను తీసేసి వాటి బదులు 14ను తెచ్చారు. కాబట్టి ఆ ముద్ర వేసింది ఆ 78 ఏళ్ల మధ్య.

అయితే ముద్ర ఎక్కడ ఉందన్నది ముఖ్యం. మీరు కొక్కెం మీద అన్నారు. కొక్కెం మార్చింది కావచ్చని పైన చెప్పాం. అలాంటప్పుడు ఆ ముద్ర కొక్కేనికే సాక్ష్యం, బ్రోచ్‌కి కాదు. పిన్ను మీది ముద్ర కూడా ఇంతే. పిన్నుకు స్ప్రింగులా తిరిగి లేచే గుణం కావాలి, అందుకని 15 క్యారెట్ల నగకు కూడా 9 క్యారెట్ల పిన్ను పెట్టడం మామూలే. పలక అంచును, గూళ్ల పక్క గోడలను భూతద్దంతో వెతకండి. వెలుతురును పక్కనుంచి వాలుగా వేస్తే అరిగిన ముద్ర నీడ పడుతుంది.

అంకె ఒక్కటే ఉంటే అది చేసినవాడి మాట. పరీక్ష కేంద్రం గుర్తు కూడా ఉంటేనే ప్రభుత్వం తరఫున పరీక్షించినట్టు. లంగరు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి తల లండన్‌ది. పక్కనున్న అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఊరు తేల్చకుండా అక్షరాన్ని చదవకండి, ఒక్కో కేంద్రానిది ఒక్కో వరస. 1975కి ముందు ఆ అక్షరం జనవరిలో కాక ఏడాది మధ్యలో మారేది కాబట్టి ఒక్కో అక్షరం రెండు సంవత్సరాలకు చెందుతుంది. ఫ్రాన్స్ నగ అయితే 1838 నుంచి 18 క్యారెట్లకు డేగ తల ముద్ర ఉంటుంది, అది గసగసాలంత చిన్నది. ‘56’ కనిపిస్తే అది పాత రష్యా లెక్క, 96 వంతుల్లో 56, అంటే మన 14 క్యారెట్లు. రష్యా ముద్రలకు నకిలీలు విపరీతం, ఆ ఒక్క అంకెను చూసి సంబరపడొద్దు. ముద్ర అసలే లేకపోయినా కంగారు అక్కర్లేదు. 19వ శతాబ్దపు చిన్న నగల్లో చాలావాటికి ఉండదు.

ప్రశ్న: నీలం రాయి పొదిగిన బ్రోచ్ ఒకటి కొందామనుకుంటున్నాను. ఒకప్పుడు రాజకుటుంబపు మహిళదని అమ్మే ఆయన అంటున్నాడు. పాత పెట్టె, ఒక చిత్రపటం ఫొటో, ఒక ఉత్తరం చూపించాడు. ఆ కథకు అదనంగా డబ్బు ఇవ్వచ్చా?

జవాబు: మూడు సాక్ష్యాలనూ విడివిడిగా చూడండి. కలిపి చూపించినప్పుడు ఒకదాని బలం ఇంకోదానికి ఉన్నట్టు అనిపిస్తుంది.

ముందు పెట్టె. మంచి దుకాణాలు నగ కొలతకు పెట్టె చేయించేవి. మెత్త మీది గాడిలో బ్రోచ్ చుట్టూ ఒకే మందంతో ఖాళీ ఉండాలి, పిన్ను దిగడానికి చీలిక సరిగ్గా పిన్ను కిందే ఉండాలి. బ్రోచ్‌ని ఎత్తి మఖమలును వెలుతురులో చూడండి. వందేళ్లు ఒకే నగ ఉన్నచోట నూగు అణిగి, రంగు వెలవకుండా, ఆ నగ ఆకారంలోనే మచ్చ ఉంటుంది. మీ బ్రోచ్ కోలగా ఉండి మచ్చ నక్షత్రంలా ఉంటే పెట్టె వేరే నగది. మూత లోపలి పట్టు గుడ్డ మీద దుకాణం పేరు, చిరునామా అచ్చు వేసి ఉంటాయి. దుకాణాలు వీధులు మారుతుంటాయి కాబట్టి ఆ చిరునామా ఏ ఏళ్లదో పాత వ్యాపార డైరెక్టరీల్లో తేలుతుంది. రాజచిహ్నం, ‘రాజకుటుంబానికి సరఫరాదారు’ అన్న ముద్ర ఉన్నాయా? అది దుకాణానికి దక్కిన బిరుదు. ఆ దుకాణంలో ఎవరు కొన్నా అదే పెట్టె ఇచ్చేవాళ్లు.

చిత్రపటం మూడింటిలోకీ బలహీనమైనది. చిత్రకారుడు రాళ్లు లెక్కపెట్టి వేయడు. నీలం చుట్టూ వజ్రాలు అన్న నమూనా వేలల్లో ఉంది. నేరుగా మనిషిని తీసిన ఫొటో అయితే ఎంతో కొంత నయం. అందులో పక్కనున్న బొత్తామునో, కంటి వెడల్పునో ఆధారం చేసుకుని బ్రోచ్ కొలత అంచనా కట్టి, చేతిలో ఉన్నదానితో పోల్చవచ్చు. చుట్టూ ఉన్న రాళ్ల సంఖ్య, ఏదైనా ఒక రాయి వంకర, విరిగిన అంచు కలిస్తేనే ఒకే నగ అనాలి.

ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవండి. ‘మా అత్తగారి నీలం బ్రోచ్ నీకిస్తున్నాను’ అని ఉంటే ఉత్తరం అసలుదే కావచ్చు, అందులోని బ్రోచ్ మాత్రం ఇదే కానక్కర్లేదు. పనికొచ్చే కాగితంలో వర్ణన ఉంటుంది: రాళ్లు ఎన్ని, కొలత ఎంత, బరువెంత, ఏ లోహం, వెనక ఏముంది. అలాంటివి ఎక్కువగా బీమా జాబితాల్లో, వీలునామా వెంట ఉండే ఆస్తి పట్టీల్లో, వేలం కేటలాగుల్లో, దుకాణం రసీదుల్లో దొరుకుతాయి. బ్రోచ్ పలక మీద సూదితో గీసినట్టు అంకెలుంటే వాటిని తప్పక రాసుకోండి. అవి తయారీదారు సరుకు నంబరు కావచ్చు, తాకట్టు దుకాణం గుర్తు కావచ్చు, మరమ్మతు చేసినవాడి చీటీ నంబరు కావచ్చు. సరుకు నంబరే అయితే కార్తియే వంటి పాత సంస్థలకు సొంత రికార్డులున్నాయి, వాటితో పోల్చే వీలుంది.

తర్వాత ఒక పట్టిక గీయండి. ఎడమ వైపు సంవత్సరం, పక్కన ఎవరి దగ్గర ఉంది, ఆ పక్కన దానికి ఆధారం. ఆధారం గడి ఖాళీగా ఉంటే ‘చెబుతారు’ అని రాయండి. ఖాళీలు ఉండటం తప్పేమీ కాదు, ఖాళీ లేనట్టు చెప్పడమే అనుమానించాల్సింది. యూరప్ నుంచి వచ్చిన నగ అయితే 1933కీ 1945కీ మధ్య ఎక్కడుందని ప్రత్యేకంగా అడగండి. నాజీల పాలన సాగిన ఆ ఏళ్లలో బలవంతంగా లాక్కున్న నగలకు వారసులు ఇప్పటికీ ముందుకు వస్తూనే ఉన్నారు. పోయిన, దొంగిలించిన వస్తువుల జాబితా నడిపే ఆర్ట్ లాస్ రిజిస్టర్ వంటి చోట వెతికించి ఇమ్మని అమ్మేవాణ్ణే అడగవచ్చు. నిజాయితీపరుడు దీనికి విసుక్కోడు.

పేరున్న నగలతో పోలిస్తే ఈ తేడాలు ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. ఆల్బర్ట్ యువరాజు 1840 ఫిబ్రవరిలో పెళ్లికి ముందు రోజు విక్టోరియాకు ఇచ్చిన నీలం బ్రోచ్ సంగతి ఆమె తన డైరీలో ఆ రోజుల్లోనే రాసుకుంది. అదే కాలంలో, సొంతదారే రాసిన మాట కాబట్టి దాన్ని మించిన ఆధారం లేదు. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో 75.47 క్యారెట్ల బరువున్న పచ్చతో హుకర్ బ్రోచ్ ఉంది. 1911లో వేలంలో టిఫనీ సంస్థ ఆ రాయిని కొన్నది, 1950లో బ్రోచ్‌గా చేసింది, 1955లో జానెట్ అన్నెన్‌బర్గ్ హుకర్ కొన్నారు, 1977లో మ్యూజియానికి ఇచ్చారు. ఇదంతా వరసగా ఉంది. దానికి ముందు ఒట్టోమన్ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ నడికట్టులో ఉండేదన్న ముక్కను మాత్రం అక్కడా ‘అంటారు’ అనే చెబుతారు. ఇక లా పెరెగ్రీనా ముత్యం. ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ రొమ్ము మీది నగలో వేలాడేది అదేనని ఎన్నో పుస్తకాలు రాశాయి. మేరీ 1558లో చనిపోయింది. పెరెగ్రీనా పనామాలో దొరికి స్పెయిన్ రాజు చేతికి చేరింది 1579 తర్వాత. చిత్రపటంలో ఒక పెద్ద ముత్యం కనిపించినందుకే ఆ కథ అన్నేళ్లు బతికింది.

మీ ధర సంగతి. నగకు నగ ధర కట్టండి. కథకు వేరే ధర అడిగితే, ఆ కథను మోసే అసలు కాగితాలు నగతోపాటు మీ చేతికి రావాలి, రసీదులో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయాలి. ‘ఫలానావారిదని హామీ ఇస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం రసీదులో రాయమనండి. చాలా కథలు ఆ కలం దగ్గరే ఆగిపోతాయి.

ప్రశ్న: నల్ల ఎనామెల్ (లోహం మీద కరిగించిన గాజు పూత) అంచున్న బ్రోచ్. ముందు చిన్న ముత్యాలు, వెనక గాజు కింద అల్లిన వెంట్రుకలు. పలక మీద ఒకామె పేరు, తేదీ, వయసు చెక్కి ఉన్నాయి. ఆమే దీని సొంతదారా? వెంట్రుకలు తీసేయమంటున్నారు ఇంట్లో.

జవాబు: ఆమె సొంతదారు కాదు. అది చనిపోయిన మనిషి పేరు. పెట్టుకున్నది ఆమె కోసం దుఃఖించినవాళ్లు. కాబట్టి మీరు వెతకాల్సిన పేరు ఆ పలక మీద లేదు. ఆమె కూతురో, చెల్లెలో, కోడలో అయ్యుండాలి. ఇలాంటి నగలను ఒకే చావుకు నాలుగైదు చేయించి పంచిన సందర్భాలూ ఉన్నాయి.

చెక్కిన దాంట్లో ‘ఓబ్’ అన్న ముక్క ఉంటే దాని వెంట ఉన్నది మరణించిన తేదీ, ‘ఏట్’ ఉంటే వయసు. రెండూ లాటిన్ పొడి అక్షరాలు. అంచు నలుపుకు బదులు తెలుపైతే, పోయింది పిల్లలో పెళ్లికాని మనిషో అని సాధారణంగా అర్థం. ఇంగ్లండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. తేదీ ఆ తర్వాతదైతే పేరు, తేదీ, వయసు చాలు, మరణ ధ్రువపత్రం నకలు తెప్పించుకోవచ్చు. అందులో చనిపోయిన చోటు, సమాచారం ఇచ్చినవాళ్ల పేరు ఉంటాయి. ఆ సమాచారం ఇచ్చిన మనిషే తరచు మీకు కావాల్సినవాళ్లు. 1858 నుంచి వీలునామాల పట్టీ కూడా ఏటేటా ఉంది. 1837కి ముందు తేదీ అయితే చర్చి ఖనన పుస్తకాలే గతి.

అంతకుముందు ఆ అక్షరాలు పాతవో కాదో చూసుకోండి. ఖాళీ పలక మీద కొత్తగా పేరు చెక్కి కథ అల్లడం తెలియని విద్య కాదు. భూతద్దంలో అక్షరం గాడి అంచును చూడండి. పలక మీది పాత గీతలు అక్షరం మీదుగా, గాడి అంచులను కూడా గీరుతూ దాటితే అక్షరం ముందు, గీతలు తర్వాత. గీతలన్నీ గాడి దగ్గర తెగిపోయి, గాడి లోపలి గోడ అద్దంలా మెరుస్తూ, అంచు గోటికి పదునుగా తగిలితే పేరు నిన్నమొన్నటిది.

వెంట్రుకలు తీయకండి. తీస్తే మిగిలేది ఖాళీ గాజు డబ్బా, సగం విలువ పోతుంది, కథ మొత్తం పోతుంది. ఇంట్లోవాళ్లకు ఇబ్బందిగా ఉంటే అమ్మేయడం మేలు.

ప్రశ్న: 1880 నాటిదని చెప్పి అమ్మిన బ్రోచ్‌ని పరీక్ష చేయిస్తే నడిమి కెంపు కృత్రిమంగా తయారైనదని తేలింది. మోసపోయామా?

జవాబు: 1880 అన్న మాట నిలబడదు. జెనీవా కెంపులని పేరొచ్చిన తొలి కృత్రిమ కెంపులు 1885 ప్రాంతంలో బయటపడ్డాయి. వెర్నోయ్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త, పొడిని మంటలో కరిగించి రాయి చేసే తన జ్వాల పద్ధతిని 1902లో ప్రకటించాకే అవి బుట్టలకొద్దీ వచ్చాయి. కానీ మోసం అనడానికి ముందు బ్రోచ్ తర్వాతి కాలానిదా, లేక పాత బ్రోచ్‌లో రాయి మారిందా అని తేల్చుకోవాలి. రాయిని పట్టిన గోళ్లు చూడండి. చుట్టూ చిన్న రాళ్ల గోళ్లు అరిగి నున్నబడి, నడిమి రాయివి మాత్రం దిట్టంగా, కొత్త వంపుతో ఉంటే రాయి మారింది. గూడుకూ రాయికీ మధ్య ఒకవైపు సందు ఉన్నా అంతే. గూడు, గోళ్లు, అరుగుదల అన్నీ ఒకేలా ఉంటే బ్రోచ్ మొత్తం 20వ శతాబ్దానిది. 1920ల నగల్లో, పేరున్న దుకాణాల పనిలో కూడా, గూడు కొలతకు కోసిన కృత్రిమ కెంపులు, నీలాలు వాడారు. వాటిని ఎవరూ నకిలీ అనరు.

మీరే చూడాలంటే, జ్వాల పద్ధతి కెంపులో వెలుతురును పక్కనుంచి పంపితే గ్రామఫోను రికార్డు మీది గాడుల్లా వంపు తిరిగిన సన్నని గీతలు, చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి. సహజ కెంపులో గీతలుంటే తిన్నగా, కోణాలుగా ఉంటాయి. 19వ శతాబ్దపు నగల్లో ఇంకో రకం ఉంది: అడుగున రంగు గాజు, పైన గార్నెట్ అనే రాయి పల్చటి పొర, రెండూ అతికి ఒకే రాయిలా. ఊడిన రాయి అయితే దాని చదునైన ముఖాన్ని తెల్లకాగితం మీద బోర్లించి చూడండి, అంచు చుట్టూ ఎర్రని వలయం కనిపిస్తుంది. రాయిని ఏ గట్టి వస్తువుతోనూ గీరి పరీక్షించకండి. అది ఏమీ చెప్పదు, గీత మాత్రం మిగులుతుంది.

ఒక పక్క మాట. పాత కాగితంలో ‘కెంపు’ అని ఉండి, మీ రాయి స్పైనెల్ (కెంపులా కనిపించే వేరే ఖనిజం) అని తేలితే కాగితం అబద్ధమనుకోకండి. ఎర్రటి రాళ్లన్నిటినీ చాలాకాలం కెంపులనే రాశారు. బ్రిటిష్ రాజకిరీటంలోని ‘బ్లాక్ ప్రిన్స్ కెంపు’ స్పైనెలే.

ప్రశ్న: సబ్బునీళ్లలో కడిగాక బ్రోచ్‌లోని గులాబీ రాళ్లు మూడు నల్లబడ్డాయి. మళ్లీ మెరుపు వస్తుందా?

జవాబు: రాళ్లు నల్లబడలేదు, వాటి కింది రేకు నల్లబడింది. వెనక మూసేసిన గూట్లో రాయి కింద రంగు వేసిన పల్చటి లోహపు రేకు పెట్టడం 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దపు మొదటి భాగంలోనూ మామూలు పని. నీళ్లు గూడు అంచు గుండా దూరితే తిరిగి రావు. రేకు తుప్పు పడుతుంది, రంగు కరిగిపోతుంది. ఆ మెరుపు తిరిగి రాదు. గూడు తెరిచి కొత్త రేకు వేయగల పనివాళ్లున్నారు గానీ, తెరిచేటప్పుడు గూడు అంచు చిరుగుతుంది, కొత్త రేకు రంగు మిగతా రాళ్లతో కలవదు. ఇంకా తడి ఉందనుకుంటే పొడి గాలి తగిలేచోట, ఎండ లేకుండా, వారం పదిరోజులు బోర్లించి ఉంచండి. హెయిర్ డ్రయర్ పెట్టకండి. మిగతా రాళ్లయినా నిలుస్తాయి.

ఇక ముందు ఎలా శుభ్రం చేయాలంటే, వెనక తెరిచి ఉండి, వెలుతురులో పట్టుకుంటే రాయిలోంచి వెలుగు వచ్చే నగ, అందులోనూ వజ్రం, కెంపు, నీలం ఉన్నవైతే, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్షుతో వెనకనుంచి తోమి, మంచినీళ్లలో ముంచి ఆరబెట్టొచ్చు. అది కూడా గిన్నెలోనే, కుళాయి కింద కాదు. వెనక మూసి ఉన్నవి, ముత్యాలు, ఫిరోజా, ఓపల్, పగడం, వెంట్రుకలు, ఎనామెల్ ఉన్నవి పొడిబ్రష్షుతో తుడవడమే. పచ్చ పగుళ్లలో నూనె నింపి ఉంటుంది కాబట్టి శబ్ద తరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో, ఆవిరిలో పెట్టకూడదు. స్పిరిట్ కూడా వద్దు, పాత పనిలో లక్క వాడి ఉంటే కరిగిపోతుంది.

ప్రశ్న: పాత బ్రోచ్ జారిపోతుందని భయం. తాళం కొక్కెం అతికించమంటే కంసాలి ఒప్పుకున్నాడు. చేయించనా?

జవాబు: ముందు పిన్ను చూడండి. కొక్కెంలోంచి తీసి వదిలితే పిన్ను కొంచెం పైకి లేచి నిలవాలి. లేవకుండా పడుకుంటే స్ప్రింగు గుణం పోయింది, జారేది అందుకే. కీలు తీగ మార్చి పిన్నును సరిచేస్తే చాలావరకు సరిపోతుంది, దానికి వేడి అక్కర్లేదు.

మంటతో అతికిస్తే ముత్యం మాడుతుంది, ఓపల్ పగులుతుంది, ఫిరోజా రంగు మారుతుంది, రేకులు పోతాయి. అన్నిటికన్నా చెడ్డది సీసం టంకం. దాని మీద ఎప్పుడైనా బంగారం టంకానికి కావాల్సిన వేడి పెడితే సీసం బంగారంలోకి తినుకుపోయి గుంటలు పడతాయి, తర్వాత ఎవరూ బాగు చేయలేరు. తప్పదంటే లేజర్‌తో అతికేవాడి దగ్గరికే వెళ్లండి, తీసిన పాత కొక్కేన్ని చీటీ కట్టి దాచండి. ఏదీ అతికించకుండా ఉండే మార్గం చిన్న రక్షణ గొలుసు. బ్రోచ్ కీలు దగ్గర దాన్ని తగిలించి, రెండో కొసన ఉన్న చిన్న పిన్నును బట్టకు గుచ్చుకుంటే సరి. బట్ట లోపలి వైపున ఒక ముక్క ఫెల్టు పెట్టి గుచ్చితే పిన్ను ఇంకా బిగువుగా నిలుస్తుంది.

ప్రశ్న: మాకు వచ్చిన బ్రోచ్ రెండు క్లిప్పులుగా విడిపోతుంది. అక్కచెల్లెళ్లం చెరొకటి తీసుకుందామనుకుంటున్నాం. పర్వాలేదా?

జవాబు: ఇది 1930ల్లో బాగా నడిచిన జోడు క్లిప్పు బ్రోచ్. పంచుకోవచ్చు, కానీ రెంటినీ పట్టి ఉంచే వెనక చట్రం ఎవరి దగ్గరుందో రాసిపెట్టుకోండి. మొదట పోయేది అదే. చట్రం లేని జోడు మళ్లీ బ్రోచ్ కాదు, విలువ బాగా పడిపోతుంది. విడదీసే ముందు కలిపి ఉన్నట్టు ముందు, వెనక, పక్కనుంచి మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. ఒక్కో క్లిప్పు బరువు గ్రాములో నూరో వంతు దాకా తూచి, ఎవరినుంచి ఏ ఏడు వచ్చిందో అదే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టి చెరొక నకలు ఉంచుకోండి. క్లిప్పుల లోపల పుల్ల మీద జంటను తెలిపే చిన్న చుక్కలో, అంకెలో ఉంటే అవి కూడా ఫొటో తీయండి. కుడిదేదో ఎడమదేదో తర్వాత అవే చెబుతాయి.